మంచుకొండ నీళ్లు అమ్రోలికి ఏ దారిన వస్తాయి



హిమాలయాల్లో మంచు కరిగిపోతోందన్న వార్త వస్తే, సూరత్ అమ్రోలిలో ఉండే మన తెలుగు కార్మికుడు ఒక్క క్షణం చెవి ఒగ్గి మళ్లీ పనిలో పడిపోతాడు. పన్నెండు గంటల షిఫ్టు, గది కిరాయి, ఊళ్లో అమ్మానాన్నల మందుల ఖర్చు. ఇన్ని నెత్తి మీద ఉండగా ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్న మంచుకొండ గోడు ఎవరికి పడుతుంది? అతణ్ని తప్పు పట్టడానికి లేదు. పైగా అతను అడిగే ప్రశ్న చాలా సబబైంది. "మన తాపీలో మంచునీళ్లు ఎక్కడున్నాయండీ?" అంటాడు.

నిజంగానే లేవు. తాపీ పుట్టేది మధ్యప్రదేశ్‌లో, బేతుల్ జిల్లా ముల్తాయ్ దగ్గర. అక్కణ్నుంచి మహారాష్ట్ర మీదుగా గుజరాత్‌లోకి వచ్చి, ఉకాయ్ డ్యామ్ దాటి, కాక్రాపార్ దాటి, ఉత్రాణ్, అమ్రోలి, వరియావ్, రాందేర్ పక్కగా ఒరుసుకుంటూ పోయి సముద్రంలో కలుస్తుంది. ఏడు వందల కిలోమీటర్లు దాటిన ఈ దారిలో ఎక్కడా మంచు చుక్క లేదు. అంతా వాన నీరే. మన సొంత నదుల సంగతీ అంతే. గోదావరి త్ర్యంబకం దగ్గర, కృష్ణ మహాబలేశ్వరం దగ్గర, రెండూ సహ్యాద్రి వానల్లోనే పుట్టాయి. కాబట్టి హిమాలయాల మంచు కరిగితే మీ కుళాయి ఎండిపోతుందని అమ్రోలి వాళ్లతో ఎవరైనా అంటే, అది ఉత్త మాట. అలాంటి మాటలతో జనాన్ని భయపెడితే, అసలు భయపడాల్సిన సంగతి చెప్పినప్పుడు ఎవరూ నమ్మరు. ఆ అసలు సంగతి చెప్పడానికే ఈ ప్రసంగం.

మంచుకొండల నీరు అమ్రోలికి నది ఎగువ నుంచి రాదు. దిగువ నుంచి, సముద్రం వైపు నుంచి వస్తుంది.

సముద్రంలో తేలుతున్న మంచు కరిగితే సముద్ర మట్టం దాదాపు పెరగదు. ఎందుకంటే అది తేలుతున్నప్పుడే తన బరువుకు తగ్గ చోటు తీసేసుకుంది. కొండల మీద, అంటే నేల మీద, పేరుకున్న మంచు కథ వేరు. అది కరిగి ఏ వాగులో పడినా, ఏ నదిలో కలిసినా, చివరికి సముద్రానికి కొత్త నీరే. 2000వ సంవత్సరం నుంచి 2023 వరకు ప్రపంచంలోని హిమానీనదాలన్నీ కలిసి ఏటా సగటున 270 బిలియన్ టన్నులకు పైగా మంచు పోగొట్టుకున్నాయని శాస్త్రవేత్తల అంతర్జాతీయ బృందం ఒకటి 2025లో లెక్కతేల్చింది. ఆ ఏళ్లన్నిటిలో కలిపి పోయింది, ఉన్న మంచులో సుమారు అయిదు శాతం. ఈ ఒక్క కారణం వల్లే సముద్రం 18 మిల్లీమీటర్లు పెరిగింది.

పద్దెనిమిది మిల్లీమీటర్లంటే రెండు సెంటీమీటర్లు కూడా కాదు. ఇంతేనా అనిపిస్తుంది. ప్రపంచంలో కొండల మీదున్న హిమానీనదాలన్నీ పూర్తిగా కరిగినా, గ్రీన్‌లాండ్‌నూ అంటార్కిటికా మంచు పలకలనూ పక్కన పెడితే, సముద్రం పెరిగేది 32 సెంటీమీటర్ల దాకా, అంటే జానెడున్నర. ఈ అంకెను నేను దాచిపెట్టను. ఊళ్లు మునిగిపోతాయని కేకలు పెట్టడం కన్నా, ఈ జానెడున్నర సూరత్ లాంటి ఊళ్లో ఏం చేస్తుందో ఓపిగ్గా చూడడం మంచిది.

అందుకు 2006 ఆగస్టును గుర్తు చేసుకోవాలి. అప్పుడు సూరత్‌లో ఉన్నవాళ్లకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ఎగువన కుండపోత వానలు. ఉకాయ్ జలాశయం నిండుకుండ. డ్యామ్ గేట్ల ద్వారా వదిలిన నీరు పెరుగుతూ పెరుగుతూ సుమారు తొమ్మిది లక్షల క్యూసెక్కులకు చేరింది. నగరంలో చాలా భాగం మునిగింది. మేడల మీద, మిద్దెల మీద జనం రోజుల తరబడి తాగునీటికి అల్లాడారు. నీరు తీశాక కార్ఖానాల్లో కనిపించింది బురద. సాంచాల, అంటే మరమగ్గాల, మోటార్లలో బురద, బేరింగుల్లో బురద, బీముల మీద చుట్టిన దారంలో బురద, జకార్డు అట్టలు నాని ముద్ద. ఎంత తుడిచినా తడిసిన అట్ట మళ్లీ పనికి రాదు. ఆ నెలా ఆ తరువాతి నెలా కూలి లేకుండా ఎందరో రైలెక్కి కరీంనగర్, నల్లగొండ, వరంగల్ దారి పట్టారు.

ఆ వరదకు కారణాలు రెండు, వానా డ్యామూ. మంచుకొండలకు అందులో పాత్ర ఉందని నేను అనడం లేదు. నేను చూపించేది ఇంకొకటి. ఆ ఏడాది రాఖీ పున్నమి ఆగస్టు 9న వచ్చింది. సరిగ్గా వరద మధ్యలో. పున్నమికీ అమావాస్యకీ సముద్రం పోటు ఎక్కువగా ఉంటుందని మన తీరప్రాంతం వాళ్లకు తెలుసు. ఖంభాత్ సింధుశాఖ పోటు మరీ పెద్దది. భావనగర్ వైపు ఆటుకూ పోటుకూ మధ్య తేడా పది మీటర్లు దాటుతుంది, దేశంలో ఇంకెక్కడా అంత లేదు. అలాంటి పోటు తాపీ ముఖద్వారంలోకి ఎక్కి వస్తుంటే, ఎగువ నుంచి వచ్చిన వరద ఎక్కడికి పోతుంది? ఆగుతుంది. వెనక్కి పోటెత్తుతుంది. పోటు తగ్గి ఆటు మొదలయ్యే దాకా ఊళ్లోనే నిలబడుతుంది.

ఇప్పుడు సముద్రం పెరిగిన సంగతికి వద్దాం. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. వేడికి సముద్రపు నీరే ఉబ్బడం ఒక కారణం, మంచు కరగడం ఇంకో కారణం. 2000 తరువాతి పెరుగుదలలో అయిదో వంతు కొండల మీది హిమానీనదాలదే. సముద్రం ఇరవై సెంటీమీటర్లు పైకి లేచిందంటే ఊరు ఇరవై సెంటీమీటర్లు మునిగిందని కాదు. పోటు ఇదివరకటి ఎత్తుకు ఇదివరకటి కంటే ముందే చేరుతుందని. దిగిపోవడానికి ఇంకాస్త ఆలస్యమవుతుందని. సూరత్‌లో వాననీటి కాలువల చివర తలుపులున్నాయి. నదిలో నీరు ఎక్కితే అది ఊళ్లోకి తోసుకు రాకుండా వాటిని మూసేస్తారు. మూసినంత సేపూ ఊళ్లో కురిసిన వాన ఊళ్లోనే ఉంటుంది. పోటు ఎంత సేపు నిలబడితే ఆ తలుపులు అంత సేపు మూతపడి ఉంటాయి. చదునైన నేల మీద గంట ఆలస్యం అంటే వీధిలో మోకాలి లోతు నీరు.

ఖాడీల దగ్గర, అంటే ఊళ్లో పారే వాగుల దగ్గర, ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే లింబాయత్, పర్వత్ పాటియా వైపు మీఠీ ఖాడీ పొంగడం ఏటా వానాకాలంలో మామూలే. తాపీ కట్టలు తెగనక్కర్లేదు, ఉకాయ్ గేట్లు ఎత్తనక్కర్లేదు. రెండు రోజులు గట్టి వాన పడి, ఖాడీ నీరు దిగువకు పోయే దారి మందగిస్తే చాలు, గడప దాటి లోపలికి వచ్చేస్తుంది. పిల్లల పుస్తకాల సంచి, బియ్యం బస్తా, రేషన్ కార్డు, ఆధార్ కార్డు అన్నీ అటక మీదికి ఎక్కుతాయి. ఖాడీ పక్క గదికి కిరాయి తక్కువ. అందుకే మన వాళ్లు అక్కడుంటారు. సముద్రం పెరిగిన ప్రతి సెంటీమీటరుకూ ముందుగా వెల చెల్లించేది ఆ తక్కువ కిరాయి గదిలో ఉన్న మనిషి. ఈ అన్యాయం నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది. ఈ మంచు కరగడానికి ఆ మనిషి చేసినదేమీ లేదు. కారు లేదు, ఏసీ లేదు, విమానం ఎక్కింది లేదు.

అమ్రోలి వాళ్లకు ఇంకో ఉదాహరణ కళ్ల ముందే ఉంది. నది ఒడ్డునా ఖాడీల వెంటా ఉన్న గుడిసెలు తీసేసి, ఎన్నో కుటుంబాలను కోసాడ్ ఆవాస్ ఇళ్లకు తరలించారు. పక్కా ఇల్లు దొరికింది, వరద భయం తగ్గింది, అది మంచిదే. కానీ పని మాత్రం నది అవతలే ఉండిపోయింది. రోజూ అమ్రోలి వంతెన దాటి పోయి రావాలి. ఇళ్లల్లో పని చేసుకునే ఆడవాళ్లు ఎందరికో ఆ ఆటో ఖర్చే జీతంలో పెద్ద వాటా. నీటి నుంచి జనాన్ని కాపాడే లెక్క వేసేటప్పుడు ఆ ఆటో కిరాయిని కూడా లెక్కలో వేయాలి.

ఉప్పు సంగతీ ఉంది. సింగణ్‌పోర్, రాందేర్ మధ్య తాపీకి అడ్డంగా 1995లో కట్టిన కాజ్‌వే కమ్ వియర్ మీద మీలో చాలామంది బండి మీద పోయి ఉంటారు. ఎండాకాలంలో పోటు వేళ అక్కడ ఒక్క నిమిషం నిలబడి చూడండి. గోడకు ఇవతల, మన అమ్రోలి వైపు, నిలకడగా మంచినీళ్లు. నగరం తాగే నీటి బావులు ఇటువైపే ఉన్నాయి. గోడకు అవతల పోటుతో పైకి లేస్తున్న ఉప్పు కలిసిన నీళ్లు. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క కాంక్రీటు గోడ. సముద్రం పెరిగే కొద్దీ ఆ గోడ అవతలి వైపు ఒత్తిడి పెరుగుతుంది, ఒడ్డు పల్లెల బావుల్లోకి ఉప్పు పాకుతుంది. ఇంకా దిగువన రూంఢ్, భాఠా మధ్య మరో బ్యారేజీ పని తలపెట్టారంటే, ఆ అవసరం నగరపాలకులకూ తెలిసే.

ఇక ఆ మంచు అసలు ఎలా తరుగుతోందో చెప్పుకుందాం. హిమానీనదం అంటే కదలకుండా పడి ఉన్న మంచుగుట్ట కాదు. ఏళ్ల తరబడి పడిన మంచు మీద మంచు పేరుకుని, ఆ బరువుకు అడుగు పొరల్లో గాలి పోయి గడ్డకట్టి, తన బరువుకు తానే లోయలోకి మెల్లగా జారుతూ ఉంటుంది. పైన చలికాలంలో చేరుతుంది, కింద ఎండాకాలంలో కరుగుతుంది. సాంచా మీద పని చేసేవాళ్లకు బీము సంగతి తెలుసు. బీము నుంచి దారం కొలతగా వదులుతుంటే గుడ్డ సాఫీగా వస్తుంది. వదిలే పట్టు సడలితే దారం గుట్టగా జారి వస్తుంది, చూసేవాడికి దారానికి కొదవ లేదనిపిస్తుంది. బీము మాత్రం ఖాళీ అవుతూనే ఉంటుంది. హిమాలయాల్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. కొన్నేళ్లపాటు నదుల్లో మంచునీరు పెరుగుతుంది కూడా. ఈ శతాబ్దం మధ్యలో ఆ నీరు గరిష్ఠానికి చేరి, ఆ తరువాత తగ్గుతుందని కాఠ్‌మండూలో పర్వత ప్రాంతాలను అధ్యయనం చేసే ఇసిమోడ్ సంస్థ 2023లో చెప్పింది. 2011 నుంచి 2020 వరకు అక్కడి హిమానీనదాలు అంతకు ముందు దశాబ్దం కంటే 65 శాతం వేగంగా మంచు పోగొట్టుకున్నాయని కూడా ఆ సంస్థే చెప్పింది.

గంగోత్రిని తీసుకోండి. ముప్పై కిలోమీటర్ల పొడవున్న హిమానీనదం. 1935లో జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన జె.బి. ఆడెన్ గోముఖం దగ్గర ఆ మంచు అంచు ఎక్కడుందో కొలిచి పటం గీశారు. అప్పటి నుంచి ఇప్పటికి ఆ అంచు కిలోమీటరున్నరకు పైగా వెనక్కి పోయింది. అలాగని గంగ ఎండిపోతుందా? ఎండిపోదు. మైదానంలో గంగకు ఎక్కువ నీరు వానలదే. మంచు నీటి విలువ ఏప్రిల్, మే, జూన్ నెలల్లో తెలుస్తుంది. వాన ఇంకా రాలేదు, ఎండ మండిపోతోంది, పొలానికీ గొంతుకూ నీరు కావాలి. సరిగ్గా ఆ వేళకు కొండ నీరు వదులుతుంది. సింధు నదిలోనైతే ఈ వాటా మరీ పెద్దది. లదాఖ్‌లో బార్లీ చేను తడిసేది దాదాపు మంచునీటితోనే. అక్కడి రైతుకు అది చేను మీద ఈ ఏడాది పంట, ఆ పైన ఊళ్లో ఉండడమా వలస పోవడమా అన్న ప్రశ్న. వలస అంటే ఏమిటో సూరత్ తెలుగువాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

కరిగిన నీరంతా వెంటనే కిందికి రాదు, అది ఇంకో ప్రమాదం. హిమానీనదం వెనక్కి పోతూ వదిలిపెట్టిన రాళ్లూ మట్టీ కట్టలా నిలబడతాయి. దాని వెనుక నీరు చేరి చెరువవుతుంది. ఆ కట్టను ఎవరూ కట్టలేదు, దానికి తూము లేదు, కలుజు లేదు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ పైన చోరాబారీ చెరువు కట్ట తెగినప్పుడు మన తెలుగు నాట నుంచి వెళ్లిన యాత్రికులు ఎందరో ఆ లోయల్లో చిక్కుకున్నారు. ఇంటికి ఫోన్ రాక, టీవీ ముందు నుంచి లేవలేక గడిపిన ఆ వారం చాలా ఇళ్లకు గుర్తే. 2023 అక్టోబర్ మొదటి వారంలో సిక్కింలో దక్షిణ లోనాక్ చెరువుకు అదే గతి పట్టింది. చెరువులోకి గట్టు విరిగిపడి, లేచిన అల కట్టను తెంపి, తీస్తా మీద చుంగ్‌థాంగ్ దగ్గరున్న 1200 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రపు డ్యామ్‌ను రాత్రికి రాత్రి ఊడ్చుకుపోయింది.

ఈ చెరువుల మీద కన్ను వేసి ఉంచింది మన వాళ్లే అన్నది నాకు కాస్త గర్వంగా ఉండే సంగతి. హైదరాబాద్ బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో హిమాలయ నదీ పరీవాహక ప్రాంతాల చెరువులను పట్టీ కట్టింది. పది హెక్టార్లకు మించిన 2,431 చెరువుల్లో 676 చెరువులు 1984 నుంచి చెప్పుకోదగ్గంతగా పెరిగాయని, వాటిలో 130 మన దేశంలోనే ఉన్నాయని ఇస్రో 2024లో వెల్లడించింది. హిమాచల్‌లోని గేపాంగ్ ఘాట్ చెరువు 1989లో 36 హెక్టార్లుండేది, 2022 నాటికి 101 హెక్టార్లయింది. హిమానీనదాల విస్తీర్ణాన్ని కొలిచే పని అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో ఎన్నో ఏళ్లుగా సాగుతోంది. సముద్రపు అలల హెచ్చరికలు హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ నుంచి వెలువడతాయి. మనం పుట్టిన రాష్ట్రంలోనూ, మనం బతుకుతున్న రాష్ట్రంలోనూ ఈ పని జరుగుతోంది. డిగ్రీ చదివే పిల్లలున్న తల్లిదండ్రులు ఈ రెండు మూడు పేర్లు గుర్తు పెట్టుకోండి.

నేతపని చేసేవాళ్లకు ఇంకో ఊరి పేరు కూడా చెప్పాలి. కాకినాడ దగ్గర ఉప్పాడ. జామ్‌దానీ చీరలకు పేరు మోసిన ఊరు. ఏళ్ల తరబడి సముద్రం ఆ తీరాన్ని కోసుకుంటూ వస్తోంది. ఇళ్లు పోయాయి, రోడ్డు మాటిమాటికీ కోతకు గురవుతోంది, ఎన్ని రాళ్లు వేసినా నిలబడడం లేదు. దానికి సముద్ర మట్టం ఒక్కటే కారణమంటే పొరపాటు. డ్యాముల వల్ల నదులు ఇసుక తేవడం తగ్గింది, రేవు కట్టడాలు అలల దారి మార్చాయి. ఇన్ని దెబ్బలు తగిలిన ఒడ్డుకు పెరుగుతున్న సముద్రం ఇంకో దెబ్బ. సూరత్‌దీ అలాంటి కథే. నది ఒడ్డును ఆక్రమించి కట్టుకున్న భవనాలు, పూడిపోయిన ఖాడీలు, చెత్తతో నిండిన కాలువలు ఎలాగూ ఉన్నాయి. మంచుకొండ నీరు వాటి మీదికి వచ్చి చేరుతుంది. అందుకే మంచు కరగడాన్ని ఆపేది మన చేతుల్లో లేదు కదా అని ఊరుకోకూడదు. కాలువ తవ్వించడం మన చేతుల్లో ఉంది.

భూమి వేడిని ఒకటిన్నర, రెండు డిగ్రీల దగ్గర ఆపగలిగితే ఈ శతాబ్దం చివరికి హిమాలయ ప్రాంతపు మంచులో 30 నుంచి 50 శాతం పోతుందని ఇసిమోడ్ అంచనా. నాలుగు డిగ్రీలకు చేరితే 80 శాతం దాకా పోవచ్చు. అంటే అన్నీ అయిపోలేదు. సగం మిగలడానికీ, అయిదో వంతు మిగలడానికీ మధ్య ఎంతో తేడా ఉంది. బొగ్గు ఎంత కాలుస్తాం, పెద్ద దేశాలు మాట ఎంత నిలబెట్టుకుంటాయి అన్న దాని మీద ఆ తేడా ఆధారపడి ఉంది. సూరత్ బట్టల మిల్లుల్లో అద్దకానికీ ఆవిరికీ కాలే బొగ్గు కూడా ఆ లెక్కలోదే. మిల్లు యజమానులు ఇప్పుడు కప్పుల మీద సౌర పలకలు వేయించుకుంటున్నారు. బిల్లు తగ్గించుకోవడానికే అయినా సరే, వేయనివ్వండి.

సముద్రపు పోటు వేళలు ఏడాది ముందే లెక్కకట్టి ప్రచురిస్తారు. ఉకాయ్ డ్యామ్ మట్టం వానాకాలంలో రోజూ ప్రకటిస్తారు. 2006 తరువాత సూరత్‌లో వరద ముందస్తు హెచ్చరికల ఏర్పాటు బాగా మెరుగుపడింది, దానికి నగరాన్ని మెచ్చుకోవాలి. కానీ ఆ హెచ్చరిక షిఫ్టులో ఉన్న తెలుగు కార్మికుడికి, అంజనీ ఎస్టేట్‌లో పని చేసే ఒడియా కార్మికుడికి అర్థమయ్యే భాషలో చేరుతోందా అన్నది నా ప్రశ్న. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. అదే కార్పొరేషన్ శ్రావణ పున్నమికీ, భాద్రపద అమావాస్యకీ ముందు, పోటు ఎన్ని గంటలకు, ఉకాయ్ నుంచి నీరు ఎంత, ఏ ఖాడీ పక్కవాళ్లు సామాను పైకి ఎక్కించుకోవాలి అన్నది తెలుగులోనూ ఒడియాలోనూ మైకులో చెప్పించగలదు. వచ్చే వానాకాలం లోపు మన తెలుగు సంఘాలు వార్డు ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా ఇది అడగాలి. అర్జీ ఒక పేజీ చాలు. అందులో కాలువల తలుపులు మూసే వేళలు, నీరు తోడే పంపుల సంఖ్య, మీ బస్తీ పేరు, సంతకాలు.